బొమ్మ లేని కుండ

తార్నాకల కుండల దుకాణానికి అద్దాల తలుపులున్నయి. లోపల కుండల మీద ఫ్యాను తిరుగుతున్నది.

"సేటూ, బొమ్మ లేని కుండ ఒకటియ్యి. జల్ది పోవాలె," అన్న.

"బొమ్మ లేకుంటే ఎవరు కొంటరమ్మా? గీ పల్లెటూరి బొమ్మల కోసమే జనం కార్లేసుకొని వస్తున్నరు. కుండల నీళ్లు తాగరు, టీవీ పక్కన పెట్టుకుంటరు," అని సేటు ఒక కుండ సూపెట్టిండు.

దాని మీద ఒకామె నాటేస్తున్నది. కొంగు నడుముకు చెక్కుకొని, పండ్లన్ని కనవడేటట్టు నవ్వుతున్నది. నేను చిన్నప్పటిసంది నాట్లేసిన. బురదల నిలవడి ఎన్నడు గట్ల నవ్వలే.

"క్యాంపస్‌ల చదివే పిలగాడు గీస్తడు, కమలాకర్. ఆమె వాళ్లమ్మనట. మొదలు అలసిపోయిన మొఖం గీసిండు. నవ్వు మొఖమైతేనే అమ్ముడువోతదని నేనే మార్పిచ్చిన."

"మంచిగున్నది. గని నా పనికి రంగులు పనికిరావు. వట్టి కుండ లేదా?"

"ఒక్కటున్నది. అది ఇయ్య. మాపటికి కమలాకర్ వచ్చి దాని మీద బొమ్మెయ్యాలె."

"వాడు రాడు సేటూ."

"నీకెట్లెరుక?"

"నేను వాళ్లమ్మను. పొద్దుగాల వాని పానం పోయింది. హాస్టల్ ముంగట దోస్తులు పాడె కడుతున్నరు. పాడె ముంగట నిప్పు వట్టుకపోను కుండ గావాలె."

సేటు నా మొఖం దిక్కు సూసిండు, తర్వాత బొమ్మ దిక్కు సూసిండు. వట్టి కుండ తెచ్చి, పేపరు చుట్టి, రెండు చేతులతోని ఇచ్చిండు.

"పైలం అమ్మా," అన్నడు అలవాటు కొద్ది. "పగులుతది."