నాలుగు గదుల గాలి

మెకానిక్ అరగంటగా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, గాలికి కాపలా కాస్తున్నావా?" అంది ఇంటావిడ గుమ్మంలోంచి.

"తలగడ దగ్గర ఎంత వేడి ఉందో చూస్తున్నాను మేడమ్."

దుమ్ముకని ముక్కూ నోరూ కప్పుతూ గుడ్డ కట్టుకున్నాడు. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. చేతిలో చిన్న థర్మామీటరు.

ఉదయం నుంచీ పైకప్పులోని ఏసీ గాలిగొట్టాలకు గదికొక రేకు తలుపు బిగించాడు. ఇకమీదట ఏ గదికి ఎంత చల్లదనం, ఎంత వెచ్చదనం కావాలో హాల్లో గోడకున్న పెట్టే చూసుకుంటుంది.

"మిగతా గదులు పావుగంటలో తేల్చేశావుగా!"

"అక్కడ ఉక్కపోస్తే మనిషి లేచి వెళ్లిపోతాడు. ఈయన వెళ్లలేరు కదా."

ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి ఆవిడ భర్తకు మాట పడిపోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే కాస్త కదులుతుంది. అప్పటినుంచీ ఆయన ఆకలి, నిద్ర, కోపం అన్నీ ఆవిడే ఊహించి ఆవిడే పైకి చెబుతోంది. తప్పు ఊహించావని అనడానికి ఆయనకు నోరు లేదు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు? పెట్టెలో ఎక్కించాలి."

"మేమిద్దరమే."

"పిల్లలు?"

"లేరు."

అతను థర్మామీటరు వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వంగి, ముసలాయన దుప్పటి సరిచేశాడు.

ముసలాయన ఎడమ చెయ్యి లేచి అతని మణికట్టు పట్టుకుంది. గొంతులో ఏదో గురగురలాడింది. కళ్లవెంట నీళ్లు కారాయి.

"అదిగో, కొత్త మనిషిని చూసి భయపడుతున్నారు! లే అక్కణ్ణుంచి."

"ఒక్క పది నిమిషాలు ఉండనివ్వండి మేడమ్."

"నీ ముచ్చట తీరేదాకా ఆయన ఏడవాలా? నడు."

ఆ వేళ్లను ఆవిడే ఒక్కొక్కటిగా విడదీసింది.

అతను హాల్లో మిగిలిన పని ముగించి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ముసలాయన వాకిలి వైపే చూస్తూ ముద్ద మింగలేదు. "గది చల్లబడింది కదా, ఆకలి మందగించింది," అని ఆవిడ డాక్టరుకు చెప్పింది.

పదకొండో రోజున ఆయన పోయాడు.

చుట్టాలు వచ్చారు.

"కొడుక్కి కబురు పెట్టావా వదినా?" అంది ఆడపడుచు.

"మీ మొదటి వదిన కొడుకు నాకు చెప్పి వెళ్లాడా? పద్నాలుగేళ్లకే గడప దాటినవాడు. ఎక్కడున్నాడని పెట్టను?"

"అన్నయ్య వాడికోసమే ప్రాణం బిగబట్టుకున్నాడు."



అందరూ వెళ్లాక, మనిషి లేని గదికి గాలి ఎందుకని, దాన్ని ఆపడానికి ఇంటావిడ మొదటిసారి హాల్లోని ఆ పెట్టెను ముట్టుకుంది.

మెకానిక్ ఎక్కించి వెళ్లిన నాలుగు పేర్లు తెరమీద ఒకదాని కింద ఒకటి వెలిగాయి: హాలు, వంటగది, పిన్ని గది, నాన్న గది.