ముందు ఒక్క కాలు

"ముందు ఒక్క కాలు పెట్టమ్మా. రెండోది దాని వెనకే వస్తుంది," అన్నాడు లిఫ్టు బాబాయి, ఇనుప తలుపు బార్లా తెరిచి.

ఆమె చెప్పు కొస లోపల ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. "గుండె దడదడలాడుతోంది బాబాయిగారూ. మెట్లెక్కి పోతాను."

"రోజూ అన్ని మెట్లా? మా అమ్మాయికి ఆలస్యమంటే గిట్టదు. ఇలాగైతే నిన్ను పనిలోంచి తీసేస్తుంది."

బాబాయి కూతురికి పై అంతస్తులో కుట్టుదుకాణం ఉంది. అందులో కొత్తగా చేరానని చెప్పింది ఈమె. వచ్చినప్పటి నుంచీ లిఫ్టు ముందు ఇదే తంతు. బాబాయికి ఆమెను చూస్తే జాలి. ఈ పెట్టెలో భయపడటానికి ఏముంది? ఆయనకి ఇందులోనే తెల్లారుతుంది, ఇందులోనే పొద్దుగూకుతుంది. పడక పక్కగదిలో. కూరానారా కూతురే తెస్తుంది. బయట అడుగుపెట్టే పనే పడదు. పని మీద ధ్యాసంటే అలా ఉండాలని అందరూ మెచ్చుకుంటారు.

"కళ్ళు మూసుకో. నేను కబుర్లు చెబుతుంటా."

ఆమె కళ్ళు మూసుకుని లోపలికి వచ్చింది. లిఫ్టు మూలుగుతూ కదిలింది. ఒక్కో అంతస్తు వెలుతురూ కటకటాల్లోంచి వాళ్ళ మీద పడి, మెల్లగా కిందికి జారిపోతోంది. ఎక్కడో గడియారాల టిక్కుటిక్కులు, ఇంకెక్కడో తడి రంగు వాసన. నీళ్ళలో తేలుతున్నట్టుంది. బాబాయి తన చిన్నప్పటి గాలిపటాల కబుర్లు ఎత్తుకున్నాడు.

"కళ్ళు తెరువు. వచ్చేశాం!"

ఆమె నవ్వింది. అయినా దిగలేదు. "మేడమీద ఆరేసిన బట్టలు తెమ్మంది మీ అమ్మాయి. అంత ఎత్తుకి ఒక్కదాన్నీ వెళ్ళలేను. మీరూ రారూ?"

బాబాయి మొహం పాలిపోయింది. "లిఫ్టు వదిలేసి ఎలా వస్తానమ్మా? ఎవరైనా బెల్లు కొడితే?"

"కాసేపు ఆగుతారు. నా చెయ్యి పట్టుకోండి, పడిపోయేలా ఉన్నాను."

ఇంతదాకా తెచ్చి నడిమధ్యలో వదిలేస్తే ఈ పిల్ల జన్మలో మళ్ళీ లిఫ్టెక్కదు. బాబాయి ఆ చెయ్యి పట్టుకున్నాడు. పాపం ఈమె కోసం కదా అనుకుని ఒక మెట్టెక్కాడు. అలాగే అనుకుని ఇంకోటి.

తలుపు తోశారు. తాళ్ళ మీద పసుపు, నీలం, ఎరుపు బట్టలు గాలికి పొంగుతున్నాయి. వాటి పైన అంతులేని ఆకాశం. బాబాయి చాలాసేపు గోడకి అతుక్కుపోయాడు. తర్వాత గోడ వదిలాడు. ఒక ఎర్రబట్ట వచ్చి మొహానికి చుట్టుకుంటే పసివాడిలా పకపకా నవ్వాడు.

"చూశావా, ఏమీ కాలేదు!" అన్నాడు ఆమెతో, గొప్పగా.

బట్టల చాటునుంచి కూతురు వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. తండ్రినే చూస్తూ, ఆమె చెవిలో మెల్లగా అంది.

"మీ ఆస్పత్రికి రమ్మంటే గడప దాటలేకపోయాడండీ, డాక్టరుగారూ."