తొలి ఉలి

ఉలి కొనడానికి వచ్చినావిడ ఉలుల వైపు చూడటం లేదు. గుమ్మం వైపు చూస్తోంది.

గుమ్మంలో ఆమె భర్త నిలబడి ఉన్నాడు. ఆజానుబాహువు. ఆయన నిలబడ్డాక ఆ గుమ్మానికి వేరే తలుపు అక్కర్లేదు.

కొట్టాయనకి ఈ జంట భలే నచ్చింది. ముఖ్యంగా జంటలో గుమ్మంలో ఉన్న సగం. పనిముట్ల కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయినా కొట్టాయన ఎవర్నీ కొట్టి ఎరగడు, జోకులతో తప్ప. బల్ల మీద ఒక అట్టముక్క నిలబెట్టాడు: ‘ఇక్కడ చెక్కులు తీసుకోబడవు, చెక్కేవి అమ్మబడును.’ అది చదివి పగలబడి నవ్విన మనిషి ఇన్నేళ్ళలో ఈ భర్త ఒక్కడే.

“మా ఆవిడ చెక్కబొమ్మలు నేర్చుకుంటుందట బాబాయ్,” అన్నాడు భర్త. “ఇంట్లోనే కూచుని చేసుకునే పని. నాకూ నిశ్చింత.”

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఏం కావాలో కొట్టాయనకి నోటికి వచ్చు. పన్నెండు ఉలుల పెట్టె జోలికి పోవద్దన్నాడు. అందులో ఎనిమిది తుప్పు పట్టడానికి తప్ప దేనికీ పనికిరావు. నాలుగు చాలు. పావు, అర, ముప్పావు, అంగుళం. బొమ్మలకైతే పావంగుళానిదే ప్రాణం.

“ఉలిని చూసి ఉలిక్కిపడకూడదమ్మా,” అని ముక్తాయించాడు.

భర్త నవ్వాడు. ఆవిడ ఉలిక్కిపడింది.

అంతలో భర్తకి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ నాలుగడుగులు రోడ్డు వైపు జరిగాడు. ఆవిడ పావంగుళం ఉలిని పక్కకి నెట్టేసింది. బెజ్జాలు తొలిచే అంగుళం ఉలిని, అన్నిట్లోకీ మందమైనదాన్ని, పిడికిట్లోకి తీసుకుంది. గొంతు తగ్గించింది.

“సుత్తి లేకుండా, చేత్తో తోస్తే దిగుతుందా?”

దేంట్లోకి దిగాలో చెప్పలేదు. ఎంత లోతు పోతుందని అడిగింది. పావుగంటలో పని అయిపోతుందా అని అడిగింది. చివరికి, పక్కగదిలో మనిషి ఉంటే వినబడుతుందా అని అడిగింది.

బొమ్మలు చెక్కడానికి వచ్చినవాళ్ళు చెయ్యి తెగుతుందేమోనని అడుగుతారు. చప్పుడు సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బొమ్మకేం నిద్రాభంగం?

కొట్టాయన ఆవిడ కళ్ళ వెంట చూశాడు. రోడ్డు వైపు తిరిగి మాట్లాడుకుంటున్న భర్త వీపు మీద ఉన్నాయవి. ఉలి ఇంకా పిడికిట్లోనే ఉంది. కొట్టాయనకి తన వీపు మీద ఏదో పాకినట్టయింది.

“బాబాయ్ గారూ, నేను మీతో ఒక మాట...” అంది ఆవిడ.

ఆ మాట వినడానికి కొట్టాయనకి భయమేసింది. భయమేసినా జోకే వేస్తాడు. “నా ఉలి పట్టినవాళ్ళు ఎవరైనా సరే ఇట్టే చెక్కేస్తారమ్మా.”

ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది. గుమ్మంలో మళ్ళీ వెలుతురు తగ్గింది. భర్త వచ్చేశాడు.

కొత్త ఉలికి పదును పేరుకే. సాన పట్టకపోతే వెన్నని కూడా బతిమాలుకోవాలి. కొత్తవాళ్ళకి ఆ సంగతి తెలియదు. అందుకే తొలిసారి కొన్నవాళ్ళ ఉలులు కొట్టాయనే వెనకగదిలోకి తీసుకెళ్ళి సాన పడతాడు. ఎడమచేతి మీద వెంట్రుకలు గీకి చూసుకుని మరీ ఇస్తాడు. ఆయనకి తల నిండా జుట్టే, బట్టతల మాత్రం ఆ చేతికి వచ్చింది.

ఆ రోజూ వెనకగదిలోకి వెళ్ళాడు. సానరాయి మీద నీళ్ళు చల్లాడు. ఆగిపోయాడు. బయట నవ్వుతున్న ఆ మనిషి ప్రాణం ఈ అంచు మీద ఉంది. పోలీసులకి చెబుదామంటే ఏమని చెప్పాలి, ఒకావిడ ఉలి కొన్నదనా?

నాలుగు ఉలుల అంచులూ ఇనుప దిమ్మ మీద అడ్డంగా రుద్దాడు. మెరుపు పోకుండా, ఉన్న కాస్త పదునూ పోయేలా. బొటనవేలు అదిమి చూశాడు. గీత కూడా పడలేదు.

“సిద్ధంగా ఉన్నాయమ్మా. నెల దాకా సాన అక్కర్లేదు,” అన్నాడు.

ఆవిడ రెండు చేతులతో అందుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొట్టాయన తల తిప్పుకున్నాడు. బిల్లు మీద రాయడానికి ఫోన్ నంబరు అడిగితే భర్త తనది చెప్పాడు. మా ఆవిడకి ఫోన్ల గోల పడదు అన్నాడు.

ఆ వారమంతా కొట్టాయన పేపర్లో హత్యల వార్తలు ముందు చదివి, ఆ తరవాతే కాఫీ తాగాడు.

తొమ్మిదో రోజు భర్త వచ్చాడు. ఒక్కడే. నిక్షేపంలా ఉన్నాడు. ఆయన్ని చూడగానే కొట్టాయన గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఆవిడ పుట్టింటికి వెళ్ళిందట. ఇప్పట్లో రాదట. పడగ్గది తలుపు మార్చాలి, కొలతలు తీసుకునే వడ్రంగి ఎవరైనా ఉంటే పంపమన్నాడు.

కొట్టాయన తనే టేపు పుచ్చుకుని బయల్దేరాడు. తను కాపాడిన మనిషి ఇల్లు ఒకసారి చూడాలనిపించింది.

ఇల్లు అద్దంలా ఉంది. గడప పక్కన ఆడవాళ్ళ చెప్పులు ఒకే ఒక్క జత ఉన్నాయి.

“ఏం బాబూ, మీ ఆవిడ చెప్పకుండా వెళ్ళిందా, చెప్పుల్లేకుండా వెళ్ళిందా?” అన్నాడు కొట్టాయన.

ఈసారి భర్త నవ్వడానికి కాస్త టైము పట్టింది. టీ పెడతానంటూ వంటగదిలోకి వెళ్ళాడు. కొట్టాయన పడగ్గదిలోకి వెళ్ళి, కొలత కోసం తలుపు దగ్గరికి వేశాడు.

బయటివైపు మాత్రమే గడియ ఉన్న ఆ తలుపుకి లోపలివైపు, సరిగ్గా గడియకి వెనకాల, అంగుళం వెడల్పు గాట్లు వందకి పైగా ఉన్నాయి, ఒక్కటీ గోరు మందం దాటి దిగలేదు.