ముప్పై తొమ్మిది చాక్లెట్లు

పెట్టెలో నలభై చాక్లెట్లు. ఒక్కోదానికీ బంగారు రంగు కాగితం.

పొద్దున ఎనిమిదింటికి ఇగ్నాత్ ఆ పెట్టె తెచ్చి ఆఫీసు నడవాలో బల్ల మీద పెట్టాడు.

ఆయన ఉన్ని కంబళ్ల మిల్లుకు మేనేజరు. ఆ రోజు డిసెంబరు ఇరవై, ఇగ్నాత్ అనే పునీతుడి పండుగ; ఆ పేరు పెట్టుకున్నవాళ్లకు అది పేరు పండుగ. ఎవరి పండుగైతే వాళ్లే తీపి పెట్టాలి. గుర్తున్నవాళ్లు చెయ్యి కలిపి ఒకటి తీసుకోవాలి.

మొదట వచ్చింది డిజైన్లు గీసే ప్లామెన్. చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లలోంచి పాట బయటికి వినిపిస్తోంది.

"తీసుకో బాబూ."

"ఎవరి బర్త్‌డే సార్?"

"బర్త్‌డే కాదు. ఇవాళ ఇగ్నాత్ పండుగ."

"ఓహో. నేను తీపి మానేశాను సార్. ఇరవై ఒక్క రోజుల పందెం."

అమ్మకాలు చూసే అమ్మాయి పక్క గదిలోంచి లేవకుండానే ఆయన ఫోనుకు బొటనవేలు బొమ్మ పంపింది.

నేత గదిలోంచి వచ్చిన ఇద్దరు బల్ల దగ్గర ఆగారు. ఒకడు రెండోవాడి మోచెయ్యి లాగాడు.

"ముట్టకురా. అది తిన్నవాణ్ణి శనివారం కూడా పనికి రమ్మంటాడు."

తలుపు సందులోంచి ఇగ్నాత్ విన్నాడు.

గదిలోకి వెళ్లి, కిటికీ కింద గదిని వెచ్చబెట్టే వేడినీళ్ల గొట్టాల మీద చేతులు ఆనించాడు. వెచ్చగా ఉన్నాయి. వాటికి నీళ్లు కాచి పంపేది, పదకొండేళ్ల కిందట ఆయన పట్టుబట్టి పెట్టించిన ఆటోమేటిక్ బాయిలరు.

"ఈ మిల్లులో ఒకరు చెప్పకుండా తన పని తాను చేసేది ఇదొక్కటే," అన్నాడు సెక్రటరీ రాలిత్సాతో. "మనుషులకూ ఇలాంటి మీట ఉంటే బాగుండేది."

రాలిత్సా ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే కాగితాల మీద సంతకాలు మొదలుపెట్టాడు. ఏ కాగితమూ చదవలేదు.

సాయంత్రం పెట్టె మూత తీశాడు. ముప్పై తొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిదే.

ఎవరో ఒకరు తీసుకున్నారు. ఆ ఒక్క ఆలోచనే ఇంటిదాకా ఆయనకు తోడు వచ్చింది.

ఇంట్లో బల్ల మీద నాలుగు పళ్లేలు బోర్లించాడు. చిక్కుడు గింజల పులుసు, క్యాబేజీ ఆకుల్లో చుట్టి ఉడికించిన అన్నం, ఎండుపళ్ల పానకం. ఉపవాసాల రోజులు కనుక మాంసం లేదు. భార్య స్తెఫ్కా ఉన్నప్పుడు ఈ రోజున కుర్చీలు చాలక పక్కింట్లోంచి తెచ్చుకునేవాళ్లు. ఆమె పోయిన ఈ మూడేళ్లలో ఎవరూ రాలేదు.

పేరు పండుగకు పిలవకూడదు. గుర్తున్నవాళ్లే రావాలి. ఇగ్నాత్ పండుగనాడైతే మొదట గడప దాటిన మనిషి అడుగే ఆ ఇంటికి ఏడాది పొడుగునా అదృష్టం. మొగ్గలున్న పుల్ల పట్టుకుని వస్తాడు. పొయ్యిలో నిప్పు కదిపి దీవిస్తాడు.

ఒక్కరు వస్తే చాలనుకున్నాడు ఇగ్నాత్. ఒక్కరంటే ఒక్కరు.

ఆరుంబావుకు గంట మోగింది. పరుగున వెళ్లాడు.

"పిజ్జా సార్. నాలుగో అంతస్తు ఇదేనా?"

"ఇది మూడు."

ఆరున్నరకు మళ్లీ మోగింది. మెడలో కార్డు వేలాడేసుకున్న అమ్మాయి.

"అంకుల్, మీ ఇంటర్నెట్ స్పీడెంత?"

"నాకు స్పీడు వద్దమ్మా."

ఏడింటికి మూడోసారి మోగింది. ఈసారి తలుపు జానెడే తీశాడు.

మంచు పడ్డ టోపీ, వెలిసిపోయిన నారింజ రంగు కోటు, చంకలో గుడ్డసంచి. అరవై దాటిన మనిషి.

"సారూ, ఇవాళ..."

"నేనేమీ తెప్పించుకోలేదు."

"అది కాదు సారూ..."

"అమ్మకానికైతే అసలే వద్దు! పండుగ పూట మనిషిని కాసేపు కూర్చోనివ్వరా? మర్యాదా మన్ననా లేకుండా పోయింది లోకానికి. మా ఇంటికి అతిథులు వచ్చే వేళ ఇది!"

ఆ మనిషి ఆయన భుజం మీదుగా బల్ల వైపు చూశాడు. నాలుగు పళ్లేలూ బోర్లించే ఉన్నాయి.

"సరే సారూ. వెచ్చగా ఉండండి."

ఇగ్నాత్ తలుపు వేశాడు.

తొమ్మిదింటికి పులుసు గిన్నె మీద మూత పెట్టాడు.

తెల్లవారి మిల్లుకు బయలుదేరుతుంటే తలుపు పిడికి ఏదో తగిలించి ఉంది. మొగ్గలున్న పుల్ల. దానికి చుట్టి కట్టిన బంగారు రంగు చాక్లెట్ కాగితం.

పుల్ల జేబులో పెట్టుకుని, కమ్మీ పట్టుకోకుండానే మెట్లు దిగాడు.

మిల్లులో ఆయన గది తలుపు తీస్తే నోట్లోంచి ఆవిరి వచ్చింది. గొట్టాలు ముట్టుకున్నాడు. మంచు.

"రాలిత్సా! బాయిలరు పాడైందా?"

"లేదు సార్, కింద బాగానే నడుస్తోంది. మీది చివరి గది కదా. గొట్టాల్లో గాలి చేరితే వేడినీళ్లు ఇక్కడిదాకా ఎక్కవు. పెట్టిన రోజునుంచీ ఇంతే. జహారి తాత రోజూ ఆరింటికే వచ్చి, ఇదిగో ఈ మర తిప్పి గాలి వదిలేవాడు. మీరొచ్చేలోగా కిందికి దిగిపోయేవాడు."

"ఏ జహారి?"

"బాయిలరు చూసే జహారి సార్. ఎప్పుడూ ఆ నారింజ కోటే. నిన్నటితో రిటైరయ్యాడు. కాగితం మీద మీరే సంతకం పెట్టారు. పోతూ పోతూ ఒక చాక్లెట్ తీసుకుని, మీ ఇల్లెక్కడని అడిగాడు."

"పిలిపించు. ఇప్పుడే."

"ఇంకెక్కడ సార్! పొద్దుటి బస్సుకే విదిన్ పట్టణంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు." ఆమె ఆయన వైపు తిరిగింది. "నిన్న మీ ఇంటికి వచ్చాడా?"

ఇగ్నాత్ కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. జేబులో పుల్ల వేళ్లకు తగిలింది.

నిన్న తాను గడప దాటనివ్వని మనిషే, పదకొండేళ్లుగా ప్రతి ఉదయం తన గదిలో మొదటి అడుగు పెడుతూ వచ్చాడు.