గంట కొట్టాక

అక్షర దోషాలుంటే మన్నించాలి. రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఒక్కో వాక్యం కూడబలుక్కునేసరికి ఒక పూట గడిచిపోతుంది. ఇక్కడ పూటలకు కొదవ లేదు గనుక రాస్తున్నాను.

"మూతి మీద కొట్టరా దున్నా. తిండి తిన్లేదా?" అని అరిచాడు బాక్సింగ్ కోచ్.

దున్న అని అందరూ పిలిచే ఆ బండమనిషి కొట్టాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి పెదవి చిట్లింది. నెత్తురు గడ్డం మీదుగా కారింది. ఆమె కోచ్ కూతురే. అయినా జిమ్ములో నాన్నా అని పిలవకూడదు, సార్ అనాలి.

రింగు పక్కన సైకాలజిస్టు కన్నార్పకుండా కంప్యూటర్ తెర చూస్తోంది. ఆటగాళ్లు ఒత్తిడిని ఎలా తట్టుకుంటారన్నది ఆవిడ పరిశోధన. అమ్మాయి ఛాతీకి కట్టిన పట్టీ, గుండె వేగాన్ని తెర మీద గీతగా గీస్తోంది. ఆవిడ సరేనంటే అమ్మాయిని శిక్షణ శిబిరంలో చేర్చుకుంటారు. ఉండడం, తినడం అన్నీ అక్కడే.

"విచిత్రంగా ఉంది కోచ్ గారూ. ఇన్ని దెబ్బలు పడుతున్నా గుండె బెదరట్లేదు."

"ఎలా బెదురుతుంది మేడం? నా పెంపకం. ఇంట్లో రోజూ నేనే సాన పడతాను. మెత్తగా చూస్తే మనసు గట్టిపడదు."

దున్న పొట్టలో గుద్దాడు. అమ్మాయి మోకాళ్ల మీద కూలింది. లేచి, అతని దవడ మీద ఒక్కటిచ్చింది. దున్న తాళ్ల మీద వాలిపోయి, విరిగిన పన్ను అరచేతిలోకి ఉమ్మాడు.

"మీ కూతురు కాదు సార్, గునపం."

కోచ్ తలూపాడు. అతని భార్య సుత్తి ఎత్తి గంట కొట్టింది. జిమ్ములో ఆమె పని అదే. అందుకే అక్కడందరికీ ఆమె గంటమ్మ.

ఆట ఆగింది. తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది.

సైకాలజిస్టు ముఖం చిట్లించింది. "ఇదేంటి? దెబ్బలు ఆగాక భయపడుతోంది? ఇలాగైతే శిబిరానికి కష్టం."

"నాకేం భయం లేదు మేడం," అంది అమ్మాయి. "ఇంకో రౌండు పెట్టించండి."

"నోర్ముయ్," అన్నాడు కోచ్, నడుముకున్న తోలు బెల్టు సర్దుకుంటూ. "శిబిరం మాట వదిలేయండి మేడం. ఆ లోపమేదో నేనే సరిచేస్తాను. పదవే ఇంటికి."

ఇంటికి అన్న మాటకు గీత తెర అంచు దాటిపోయింది.

అప్పటికి గంటమ్మకు చదువు రాదు. తెర మీది అంకెలు తెలియవు. ఆ గీత మాత్రం తెలిసింది.

"అమ్మా," అంది కూతురు నెమ్మదిగా. "ఇంటికెళ్లాక నువ్వు పక్కింట్లో కూర్చో. చూడలేవు."

గంటమ్మ తన భర్త దగ్గరికి నడిచింది.

"గంట కొట్టేశావుగా. ఇంకా ఆ సుత్తెందుకే?" అన్నాడతను.

"ఇంకో రౌండుంది."

అమ్మాయి ఇప్పుడు శిబిరంలో ఉంది, మేడమే సరేనంది. పోటీల్లో ముక్కు వంకరపోయింది గానీ, మనిషి కాస్త ఒళ్లు చేసింది.

ఇట్లు,
గంటమ్మ, వయసు యాభై రెండు, ప్రస్తుతం ఉండేది మహిళా జైలు.