మెట్ల మీద కత్తియుద్ధం

కత్తి మొన చెవి పక్కనుంచి గాలిని కోసుకుంటూ పోయింది. కథానాయిక కోట సెట్టు మెట్ల మీద కొయ్యబారిపోయింది.

"కట్" అన్నాడు దర్శకుడు. "అడుగు వెనక్కి వెయ్యాలి కదమ్మా."

ఆమెకిది మొదటి కత్తియుద్ధం. ఎదుట ఉన్న ప్రతినాయకుడు ముప్పై ఏళ్లుగా సినిమాల్లో కత్తి తిప్పుతున్నవాడు. కెమెరా సర్దుతుండగా ఆమె ఆయన దగ్గరికి వెళ్లింది.

"నేను కదలకపోతే మీరు ఆగాలి కదా, సార్. ఇంకో అంగుళమైతే నా చెవి ఉండేది కాదు."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎడమ కన్ను కనపడ్డం లేదమ్మా. మూడు నెలలైంది. దూరం తెలియట్లేదు."

"మరెలా చేస్తున్నారు?"

"నీ అడుగుల చప్పుడును బట్టి. అది వినపడకపోయేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి."

"ఫైట్ మాస్టర్‌కి చెప్పండి."

"చెప్తే మళ్లీ ఎవరూ పిలవరు తల్లీ."

ఆయన చూపు మాటిమాటికీ తన చెవి మీదికే పోవడం అప్పుడు చూసిందామె. తనకన్నా ఆయనే ఎక్కువ భయపడుతున్నాడు.

"రెడీ" అని కేక వినబడింది.

ఆమె కత్తి కింద పెట్టేసింది. "మాస్టారూ, ఇనప కత్తంటే నాకు భయం. ఇద్దరికీ చెక్క కత్తులివ్వండి. లేకపోతే నేను చెయ్యను."

సెట్టంతా గొల్లున నవ్వింది. "ఇంత పిరికిదానివైతే ఎలాగమ్మా" అంటూనే చెక్క కత్తులు తెప్పించాడు ఫైట్ మాస్టర్.

ప్రతినాయకుడు మాత్రం నవ్వలేదు. ఎవరైనా తీసేసుకుంటే బాగుండునని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నవాడిలా, చేతిలోని ఇనప కత్తిని గబగబా అప్పగించేశాడు.