హుకుం చూసిన సాక్షి

“ఎవడో పిచ్చెక్కి చంపితే అది మామూలు హత్య. సర్కారు హుకుం ఇచ్చి చంపిస్తే అంతర్జాతీయ నేరం. ఆ హుకుం కళ్లారా చూసినోడు దొరికితే వెంటనే చెప్పు. మిగతావన్నీ పక్కన పడెయ్,” అన్నాడు టీం లీడర్ సంతోష్.

రాహేలు తలూపింది. మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో రోజంతా వీడియోలు చూసి, వాటి వివరాలతో ఫారంలో గళ్లు నింపడం ఆమె పని. సముద్రం అవతల ఒక దేశంలో, రేవు పక్కన కూలీల శిబిరం మీద కాల్పులు జరిగాయి. ఆ వీడియోలు పంపేవాళ్ల పేరు ఆఫీసులో ఎవరికీ చెప్పరు. అందరికీ వాళ్లు క్లయింట్ పద్నాలుగు. ఏదో అంతర్జాతీయ కోర్టే అయివుంటుందని రాహేలు నమ్మకం. ఆ నమ్మకమే లేకపోతే అన్ని శవాలను చూశాక అన్నం ఎలా దిగుతుంది?

తర్వాతి వీడియోలో ఒకడు తెలుగులో మాట్లాడాడు.

“ఆఫీసరు కాగితం సదివిండు. ఒక్కన్ని గూడ ఇడువొద్దని రాసుంది. కింద ముద్ర చూసిన. రెండు చేపలు, నడుమ కత్తి.”

రాహేలు వీడియో ఆపింది. ఆ ముఖం తనకు తెలుసు. ఆ రేవుకు కూలికి వెళ్లినవాడి జాడ తెలియట్లేదని ఆఫీసు ఊడ్చే సాయమ్మ ఏడుస్తూ ఫోన్‌లో చూపించిన కొడుకు, అజయ్. మూడు రోజులుగా ఆమె ఎందుకో ఆ ఫోటో చూపించడం మానేసింది.

పరుగున వెళ్లి చెప్పింది. “సాయమ్మా, మీ అజయ్ బతికే ఉన్నాడు!”

“నాకెర్కనే మేడం.” సాయమ్మ గొంతు తగ్గించింది. “ఫోన్ చేసిండు. ఏడున్ననో ఎవ్వలకు చెప్పకు అన్నడు.”

“నాకు చెప్పండి. కోర్టువాళ్లు వెళ్లి కాపాడతారు. అతనే అసలు సాక్షి.”

సాయమ్మ చీపురు గట్టిగా పట్టుకుంది. “నిజంగ కాపాడుతరా?”

“ప్రభువు సాక్షిగా చెబుతున్నాను.”

“ఆడనే, రేవుకాడ చేపల మార్కెట్ ఎన్క ఐసు కార్ఖాన. మీది అంతస్తుల అర్రల ఉంటుండు.”

‘సాక్షి ఇప్పుడు ఎక్కడ’ అన్న గడి ఎప్పుడూ ఖాళీగానే పోయేది. రాహేలు మొదటిసారి దాన్ని నింపింది. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి పంపింది.

మర్నాడు సంతోష్ నవ్వుతూ వచ్చాడు. “అదరగొట్టావ్! క్లయింట్ మనుషులు రాత్రే అక్కడికి వెళ్లారట. నీకు థ్యాంక్స్ చెబుతూ లెటర్ కూడా పంపారు.”

“నా కొడుకు ఎప్పుడొస్తడు మేడం?” పక్కనే ఉన్న సాయమ్మ ముఖం వెలిగిపోతోంది.

“రేపో ఎల్లుండో,” అంటూ రాహేలు లెటర్ తెరిచింది.

అడుగున ముద్రలో రెండు చేపలు, నడుమ కత్తి.